రేడియో బల్లయొద్ద

తీరిక వేళలలో కొందరు బాలురు తపాలా బిళ్లలు సేకరింతురు. కొందరు పూలమొక్కలు పెంచుదురు. మరికొందరికి పాత రేడియో కంటబడినచో చాలును, దాని వెనుక మూత విప్పి చూడవలెనని చేతులు దురదపెట్టును. ఈ మూడవ తెగవారు మా ప్రాంతమున మెండుగ కలరు. అందులకొక కారణము కూడ కలదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి 1970 తరువాతి దశకములలో వేలకొలది జనులు బ్రతుకుతెరువుకై గల్ఫు దేశములకు వలసపోయిరి. మావారి నోట మస్కట్టయినను, కువైట్టయినను అన్నియు "దుబాయి"యే. సెలవుపై ఇంటికి వచ్చునప్పుడు వారు తెచ్చెడి సామానులో దుప్పట్లు, అత్తరు సీసాలతోబాటు, రేడియోయు టేప్ రికార్డరును ఒక్కటిగ అమర్చిన పెట్టె యొకటి తరచుగ ఉండెడిది. దానిని టూ ఇన్ వన్ అనెడివారు. పెట్టెలు వచ్చినచోట వానికి మరమ్మతులును తప్పవు గదా! కావున పట్టణములలో రేడియో మరమ్మతు దుకాణములు వెలసినవి. చిన్నతనమున నేను అట్టి దుకాణముల ముందు నిలబడి చూచి చూచి పని నేర్చుకొన్నవాడను. జీవనోపాధి వేరైనను, నలువది యేండ్లుగ నా సాయంకాలములు ఈ బల్లయొద్దనే గడచుచున్నవి.

ఇప్పుడు చుట్టుపట్ల పిల్లలు నాయొద్దకు వచ్చి ప్రశ్నలు వేయుచుందురు. వానిలో కొన్నింటిని, నేను చెప్పిన సమాధానములతో ఇచ్చట వ్రాయుచున్నాను.

జగిత్యాల విద్యార్థి యొకడు కోపముతో వచ్చి, "తాతా! తొమ్మిది వోల్టుల బ్యాటరీకి చిన్న ఎర్ర ఎల్.ఇ.డి. దీపమును తగిలించితిని. ఒక్కసారి మెరసి ఆరిపోయినది. దుకాణదారుడు నాకు చెడిన దీపము అంటగట్టెనా?" అని అడిగెను.

దుకాణదారుని దోషమేమియు లేదు. పాతకాలపు టార్చి బల్బులో సన్నని తీగ యుండును. అది వేడెక్కినకొలది దాని నిరోధము పెరిగి, ప్రవాహమును తానే అదుపులో ఉంచుకొనును. ఎల్.ఇ.డి.కి ఆ గుణము లేదు. ఎర్ర దీపము వెలుగుటకు సుమారు 2 వోల్టులు చాలును. అంతకు మించినచో గండిపడిన చెరువునుండి నీరు వచ్చినట్లు విద్యుత్తు దానిగుండ ఉరకలెత్తును. కావున దారిలో ఒక నిరోధమును అడ్డుపెట్టవలెను. ఎంత నిరోధమనునది ఊహతో చెప్పవలసిన పని లేదు. బ్యాటరీ 9 వోల్టులు, దీపమునకు 2 పోగా మిగిలినవి 7. దీపము తాళగలిగిన ప్రవాహము ఆంపియరులో వేయింట ఇరువది వంతులు, అనగా 0.02. ఏడును దానిచే భాగించినచో 350 ఓములు వచ్చును. సరిగ 350 ఓముల ముక్క దుకాణములో సాధారణముగ దొరకదు. దానికి పైనున్న 390 తెచ్చుకొనవలెను. దానిపై నారింజ, తెలుపు, గోధుమ రంగుల చారలు వరుసగ ఉండును. ఈ లెక్కకు మూలమైన సూత్రమును జర్మను శాస్త్రజ్ఞుడు ఓమ్ 1827లో ప్రకటించెను. ఆ పిల్లవాడు మరునాడు ఐదు దీపములను వెలిగించి తెచ్చి చూపెను. ఒక్కటియు మాడలేదు.

అతడే కొన్నాళ్లకు మరియొక ప్రశ్న తెచ్చెను. ఒక పాత పుస్తకములో బ్యాటరీ అక్కరలేని "స్ఫటిక రేడియో"ను గురించి చదివి, తీగచుట్ట, డయోడు సమకూర్చుకొని చేసెనట. చెవికి ఏమియు వినబడలేదు.

ఈ రేడియో చరిత్ర చక్కనిది. గెలీనా అను సీసపు ఖనిజము రేడియో తరంగములను పసిగట్టగలదని చూపి, అట్టి సాధనమునకు మన జగదీశ చంద్ర బోసు 1901లో అమెరికా దేశమున పేటెంటుకై దరఖాస్తు పెట్టగా, అది 1904లో మంజూరైనది. ఆ ఖనిజపు ముక్కకు బదులు నేడు మనము గాజుగొట్టములోని చిన్న జర్మేనియము డయోడును వాడుదుము. దానిలో బ్యాటరీ లేదు. మరి ధ్వని కలిగించు శక్తి ఎచ్చటిది? అది ప్రసారకేంద్రమునుండియే గాలిలో వచ్చినది. దూరము పోయినకొలది అది పలుచబడును. నిజాము కాలమున దక్కన్ రేడియో అను పేర నడచి, 1950లో ఆలిండియా రేడియోలో చేరిన హైదరాబాదు కేంద్రపు మధ్యతరంగ ప్రసారము చాలకాలము 738 కిలోహెర్ట్‌జులపై వచ్చెడిది. ఆ తరంగము పొడవు సుమారు 406 మీటరులు. హైదరాబాదులో ఇంటి డాబాపై పొడవైన ఏరియలు కట్టినవానికి స్ఫటిక రేడియో పలుకవచ్చును. రెండువందల కిలోమీటరులకు కొంచెము తక్కువ దూరమున నున్న జగిత్యాలలో, అందును పట్టపగలు, పలుకకపోవుటలో వింత లేదు. కుఱ్ఱవాని పనితనములో లోపము లేదు. ఆశలో మాత్రము కొంత ఎక్కువతనము కలదు.

అయినను విడువరాదంటిని. ఏరియలు తీగను పదిహేను ఇరువది మీటరుల పొడవున ఎత్తుగ కట్టవలెను. దానిని కరెంటు తీగలకు దూరముగ ఉంచవలెను. వానకాలమున మబ్బు పట్టిన వెంటనే దానిని రేడియోనుండి తీసివేయవలెను. తడినేలలో పాతిన ఇనుప కడ్డీకి రెండవ కొస కలుపవలెను. ఫోనుకు వాడు చెవిసాధనము ఇచ్చట పనికిరాదు. దాని నిరోధము తక్కువగుటచే ఆ కొద్దిపాటి శక్తి దానిని కదలింపలేదు. స్ఫటికపు ఇయర్‌ఫోనే కావలెను. ఇన్ని చేసినను వినబడకున్నచో, డయోడు వెనుక ఒక ట్రాన్సిస్టరును చేర్చి, ఒకటిన్నర వోల్టు సెల్లుతో ఆ ధ్వనిని పెంచవలెను. ట్రాన్సిస్టరు 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టినది. దానిని కనిపెట్టిన బార్డీన్, బ్రట్టెయిన్, షాక్లీలకు 1956లో నోబెల్ బహుమానము లభించెను.

ఇక కోరుట్లనుండి వచ్చిన బాలిక ప్రశ్న. ఇది నేను మరువలేనిది. ఆమె తాతగారు గల్ఫులో పనిచేసిన కాలమున, ఉత్తరము వ్రాయుటకు బదులు క్యాసెట్టులో మాట్లాడి, ఊరికి వచ్చువారి చేత పంపెడివారట. ఆ దినములలో చదువురాని ఇండ్లకు అది గొప్ప సదుపాయము. ఆయన గతించిరి. ఒక్క క్యాసెట్టు మాత్రము మిగిలినది. టేప్ రికార్డరు పెట్టినచో గుర్రుమను శబ్దము తప్ప మాట వినబడుటలేదు. బీడీలు చుట్టుకొను నాయనమ్మకు ఆ గొంతు ఒక్కసారి వినిపింపవలెనని ఆ బాలిక కోరిక. "పెట్టెను విప్పి బాగుచేయుట నాకు చెప్పుడు" అని అడిగెను.

నేను మొదట ఆ పెట్టెను ముట్టనీయలేదు. ముందు క్యాసెట్టును కాపాడుకొనవలెను. క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులు ఉండును. వానిని విరిచివేసినచో, పొరబాటున రికార్డు మీట నొక్కినను పాత మాటలు చెరిగిపోవు. టేపుపై పూతగ నున్న ఇనుప ఆక్సైడు రేణువుల అయస్కాంతపు అమరికయే ఆ గొంతు. కావున దానిని లౌడుస్పీకరు దగ్గర పెట్టరాదు. స్పీకరు వెనుక బలమైన అయస్కాంతము కలదు. చెడిన యంత్రములో అమూల్యమైన క్యాసెట్టును మొదట వేయరాదు. పనికిమాలిన పాటల క్యాసెట్టు నొకదానిని వేసి, యంత్రము టేపును నమలకుండ నడుపుచున్నదని చూచిన తరువాతనే అసలుదానిని వేయవలెను.

పిమ్మట పెట్టె వెనుకనున్న చీటీ చదువుమంటిని. మనలో చాలమంది చదువని పుస్తకము అదియే. సౌదీ అరేబియాలో చాలకాలము ఇండ్లకు 127 వోల్టుల విద్యుత్తు వచ్చెడిది. 2010 తరువాత అచ్చట క్రమముగ 230 వోల్టులకు మారిరి. తక్కిన గల్ఫు దేశములలో పెక్కింట మనవలెనే 220 మొదలు 240 వోల్టులు. అందుచేత అచ్చటినుండి వచ్చిన కొన్ని పెట్టెలకు వెనుకవైపున 110, 220 అని రెండు గుర్తులుగల మీట యుండును. మీట 110 వద్ద నుండగ మన గోడ ప్లగ్గులో పెట్టినచో ఏమగును? లోపలి ట్రాన్స్‌ఫార్మరు 9 వోల్టులు ఇయ్యవలసినచోట 18 ఇచ్చును. దాని తీగచుట్ట మితిమీరి వేడెక్కును. 16 వోల్టులకే తాళు కెపాసిటరు పగులును. ఎడారి యెండలో సంవత్సరము కష్టించి కొన్న వస్తువు అర నిమిషములో పొగలు గ్రక్కును. మీట లేక, 110 అని మాత్రమే వ్రాసియున్న పెట్టెకు, వోల్టులు తగ్గించు ట్రాన్స్‌ఫార్మరును వేరుగ కొనవలసినదే. ఫ్యూజు పోయినప్పుడు దానికి బదులు లావుపాటి రాగితీగ చుట్టువారు కొందరు కలరు. ఫ్యూజు తాను కరగి తక్కినదానిని కాపాడుటకే పుట్టినది. దానిని బలపరచుట అనగా కావలివానిని కట్టివేయుట.

ఈ పెట్టె మీట 220 వద్దనే యున్నది. కావున గుర్రుమను శబ్దమునకు కారణము వెదకవలెను. దానికి పెట్టెను విప్పనక్కరలేదు. గోడనుండి తీగ పెరికివేసి, ఆరు పెద్ద సెల్లులు వేసి చూడుమంటిని. ఒక్కొక్కటి ఒకటిన్నర వోల్టు, మొత్తము తొమ్మిది. ఇది చాల సులువైన పరీక్ష, కాని సగము రోగమును ఇదియే చెప్పును. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 మారులు ముందుకు వెనుకకు ఊగును. పెట్టెలోని డయోడులు దానిని ఒకే దిక్కునకు మళ్లించును. కెపాసిటరు ఆ అలలను సమము చేయును. కెపాసిటరులోని ద్రవము ఏండ్లు గడచినకొలది ఎండిపోవును. అప్పుడు అలలు అణగక, సెకనుకు 100 మారుల చొప్పున గుర్రుమను శబ్దముగ స్పీకరులోనికి దిగును. సెల్లుల విద్యుత్తులో అలలు లేవు. కావున సెల్లులపై శబ్దము ఆగినచో దోషము విద్యుత్తును సమకూర్చు భాగములో నున్నది. ఆగనిచో మరియొకచోట వెదకవలెను.

బాలిక సెల్లులు వేసెను. శబ్దము ఆగినది. కెపాసిటరు మార్చుట నేను చేసితిని. ఆమె ప్రక్కనుండి చూచినది. కాని ఆ మార్పు జరుగుటకు ముందే, సెల్లులపైననే, నాయనమ్మ ఆ క్యాసెట్టును విన్నది. అందులో గొప్ప సంగతులేవియు లేవు. వానలు పడకమునుపే పెంకులు సరిచేయించుడని, ఎద్దునకు మందు వేయించుడని, ఎవరికో ఇయ్యవలసిన అప్పు తీర్చుడని ఆయన చెప్పుచుండిరి. వినుచున్నంతసేపు ఆమె చేతిలోని తునికాకు అట్లే యుండిపోయినది. వెంటనే ఆ మాటలను ఫోనులోనికి ఎక్కించి, రెండుచోట్ల దాచుడని మనుమరాలితో చెప్పితిని.

కెపాసిటరును నేనే ఎందులకు మార్చితినో కూడ చెప్పవలెను. గోడ విద్యుత్తుతో నడచు ఏ పెట్టెనైనను పిల్లలు ఒంటరిగ విప్పరాదు. తీగ పెరికినంతమాత్రమున అపాయము తొలగదు. ఫోను ఛార్జరు ఎంత చిన్నది! పగిలిన ఛార్జరును విప్పిచూచుట మీలో కొందరికి వేడుక. కాని లోపలికి వచ్చిన 230 వోల్టుల విద్యుత్తు సరిచేయబడి, చిటికెనవ్రేలంత కెపాసిటరులో సుమారు 325 వోల్టులై నిలుచును. ప్లగ్గు తీసిన తరువాతను అది కొంతసేపు అచ్చటనే పొంచియుండవచ్చును. గాజు తెరగల పాత టెలివిజను పెట్టెలో అది వేలకొలది వోల్టులు. ఫోను బ్యాటరీని గ్రుచ్చుట, వంచుట నిప్పుతో చెలగాటమాడుట యగును. మీ వయస్సున తొమ్మిది వోల్టుల లోపల నేర్చుకొనదగినది కొన్నేండ్లకు సరిపోవునంత కలదు.

అట్టి తొమ్మిది వోల్టుల పనియే సిరిసిల్లలో ఒకటి తటస్థించినది. సిరిసిల్ల మరమగ్గముల ఊరు. వానిని అచ్చటివారు సాంచెలందురు. పగలనక రాత్రియనక వాని చప్పుడు వినబడుచుండును. ఆ ప్రాంతమునకు విద్యుత్తు నిచ్చునది కూడ 1970లో పని ప్రారంభించిన సహకార సంఘము. వాడుకదారులే దానిలో సభ్యులు. ఒక నేత కార్మికుని కొడుకు నన్నిట్లడిగెను: "మా నాయన ఒక్కడే చాల సాంచెలు చూచుకొనును. పడుగు పోగు తెగినప్పుడు ఆయన చూచువరకు సాంచె నడచుచునే యుండును, బట్ట చెడును, కూలి తగ్గును. పోగు తెగగనే గంట మ్రోగునట్లు చేయవచ్చునా?"

చేయవచ్చును, మిల్లులలోని మగ్గములకు అట్టి ఏర్పాటు చాలకాలముగ కలదు. ప్రతి పడుగు పోగుపై సన్నని ఉక్కు రేకు నొకదానిని వ్రేలాడదీయుదురు. పోగు బిగువుగ నున్నంతవరకు రేకు పైననే నిలుచును. పోగు తెగినచో అది క్రిందికి జారి, ఒకదానికొకటి తగులకుండ అమర్చిన రెండు లోహపు పట్టీలపై పడి వానిని కలుపును. అంతటితో కొద్ది వోల్టుల విద్యుద్వలయము పూర్తియై, విద్యుదయస్కాంతము పనిచేసి మగ్గమును ఆపును. వేల పోగులలో ఏ ఒక్కటి తెగినను యంత్రమునకు తెలియును. ఇంత తెలివి ఉన్నది ఒక ఇనుపరేకు బరువులో! నాకు ఇట్టి ఉపాయములపై ఉన్న ముచ్చట ఖరీదైన వస్తువులపై లేదు.

కుఱ్ఱవానిని సాంచె దగ్గరకు పోనీక, బల్లపై నమూనా చేయుమంటిని. రెండు మేకులకు దారమును బిగించి కట్టి, దానిపై తలపిన్నును వ్రేలాడదీయవలెను. దాని క్రింద రెండు రాగి తీగలను ఎడముగ పరచవలెను. బ్యాటరీ, చిన్న బజరు, ఆ రెండు తీగలు ఒకే వరుసలో కలుపవలెను. దారము కోసినచో పిన్ను పడి బజరు మ్రోగవలెను. అతనిది మ్రోగలేదు. తీగలన్నియు సరిగనే యున్నవి, బ్యాటరీయు క్రొత్తది. మల్టీమీటరుతో ఒక్కొక్క భాగమును కొలువగా దోషము తలపిన్నులో కనబడినది. దానిపైనున్న నల్లరంగు విద్యుత్తును పోనీయుటలేదు. గరుకు కాగితముతో రుద్దగనే బజరు కీచుమన్నది. సాంచెల చోట ఇట్టి అడ్డంకి నూలుదూది రూపమున వచ్చును. పట్టీల నడుమ అది పేరుకొనినచో పోగు తెగినను యంత్రమునకు తెలియదు. కావున పట్టీలను తరచుగ తుడువవలెను. అసలు సాంచెకు ఈ ఏర్పాటు పెట్టించు సంగతి యజమానియు, మెకానిక్కును చూచుకొనవలసినది. తండ్రి ఆ నమూనాను తీసికొనిపోయి యజమానికి చూపెనని తరువాత వింటిని.

ఆ బాలునిదే ఇంకొక చిన్న ప్రశ్న: సాంచె మీట వేసినప్పుడెల్ల పాత రేడియోలో చిటపటలు వచ్చుటేల? మీటయొద్ద పుట్టు చిన్న నిప్పురవ్వ కూడ ఒక రేడియో ప్రసారమే. 1887లో హెర్ట్‌జు తన ప్రయోగశాలలో రేడియో తరంగములను పుట్టించినది అట్టి రవ్వతోనే. దూరపు మెరుపు రేడియోలో వినబడుటకును ఇదియే కారణము.

"అందరి చేతులలో ఫోనులు ఉండగ ఈ రేడియో విద్య ఎందులకు?" అని పెద్దలు నన్ను అడుగుచుందురు. 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ అను మహిళ, హైదరాబాదులో 1983లో స్థాపింపబడిన ఆమెచ్యూరు రేడియో జాతీయ సంస్థ తరఫున కొందరితో అండమాను దీవులకు పోయి, పోర్టు బ్లెయిరునుండి ప్రపంచములోని తోటి ఔత్సాహికులతో సరదాగ రేడియోపై మాట్లాడుచుండిరి. డిసెంబరు 26న భూకంపము, దాని వెంట సునామీ వచ్చెను. ఫోనులు మూగవోయినవి. ఆమె తన రేడియోను తిరిగి నిలిపి, దీవులలో చిక్కుకొన్నవారి క్షేమసమాచారములను ప్రధాన భూభాగమునకు చేరవేయసాగిరి. సరదాకై తీసికొనిపోయిన పెట్టెయే ఆ దినములలో ఎన్నియో కుటుంబములకు కబురు తెచ్చినది. మన దేశమున పన్నెండేండ్లు నిండినవారు ప్రభుత్వపు పరీక్షలో నెగ్గి ఈ అనుమతిపత్రమును పొందవచ్చును. అనగా మీ తరగతివారికి అర్హత వచ్చియే యున్నది. అనుమతి లేక ప్రసారము చేయుట మాత్రము నేరము. వినుటకు మాత్రమే పనికివచ్చు రేడియో చేసికొన్నచో ఎవరును అడ్డుచెప్పరు.

సామాను ఎచ్చట దొరకుననునది అందరును చివర అడుగు ప్రశ్న. మరమ్మతు దుకాణములలో మూలపడిన పలకలను అడిగినచో తరచుగ ఊరకనే ఇత్తురు. వానినుండి నిరోధములను, డయోడులను ఊడదీసికొనవచ్చును. అతుకు వేయు సీసపు మిశ్రమము సుమారు 190 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును. అతికించునపుడు కిటికీ తెరచి యుంచవలెను. పని ముగిసినవెంటనే చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. సీసము కడుపులోనికి పోరాదు. క్రొత్తవి కావలసినచో హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో సమస్తము దొరకును. పోవునప్పుడు చీటీపై ప్రతి వస్తువు విలువను, అది తాళవలసిన వోల్టులను వ్రాసికొని పొండు. "రేడియోలో వేయు చిన్న గుండ్రటిది ఒకటి" అని అడిగినచో అంగడివాడు నవ్వును. వాని వెనుక అట్టివి నాలుగువందల పెట్టెలు ఉండును.